సమాధి లేనివారూ లేస్తారా?

అవనిగడ్డ: ఈస్టర్‌కు ముందురోజు శనివారం దివిసీమ పల్లెల్లో సున్నానికి, కొవ్వొత్తులకు గిరాకీ. ఏడాది పొడుగునా ఎవరూ తొంగిచూడని సమాధుల తోటల్లో ఆ రోజు పారలు, కొడవళ్ళు కనిపిస్తాయి. దారికి అడ్డం పెరిగిన సర్కారు తుమ్మను నరుకుతారు. వానలకు కుంగిన దిబ్బలకు మళ్ళీ మట్టి ఎత్తుతారు. కలిగినవారు సిమెంటు సిలువకు రంగు వేయిస్తారు. లేనివారు రెండు కర్రలు కట్టి పాతి, బంతిపూల దండ వేస్తారు.

ఈస్టర్ తేదీ చంద్రుణ్ణి బట్టి వస్తుంది. మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారమే పండుగ. అందువల్ల మబ్బు పట్టకపోతే, తెల్లవారుజామున పాటలు పాడుకుంటూ బయలుదేరే వారికి వెన్నెల తోడుంటుంది. కంజిర, తబలా వెంట వస్తాయి. యేసు సమాధి ఖాళీగా ఉందని స్త్రీలు మొదట చూసింది ఆ వేళకే గనుక పండుగ మొదలయ్యేది కూడా సమాధుల దగ్గరే.

రాళ్ళ మీద చనిపోయాడని రాయరు. ప్రభువునందు నిద్రించినట్టు రాస్తారు. శ్మశానానికి ఇంగ్లీషువారు వాడే సెమెట్రీ అన్న మాట కూడా గ్రీకులో నిద్రపోయే చోటు అన్న అర్థం నుంచి వచ్చిందే. తల పడమరకు, కాళ్ళు తూర్పుకు పెట్టి పూడ్చడం క్రైస్తవుల్లో పాత ఆచారం. లేచి నిలబడినప్పుడు ముఖం తూర్పుకు ఉండాలని.

దీన్ని పునర్జన్మ అనుకునేవారు చాలామంది. అది కాదు. ఆత్మ ఒక్కటే పైకి పోయి సుఖపడుతుందని సరిపెట్టడమూ కాదు. పోయిన మనిషే తన శరీరంతో లేస్తాడని, ఇక చావు ఉండదని క్రైస్తవుల విశ్వాసం. లేచిన యేసు దేహానికి మేకుల గాయాలు అలాగే ఉన్నాయని సువార్తలు చెబుతాయి. శిష్యులు ఆయనను చూసి భూతమనుకుని జడుసుకుంటే, కాల్చిన చేపముక్క అడిగి తీసుకుని వారి ఎదుటే తిన్నాడట. రేవు పల్లెల్లో ఈ భాగం చదివినప్పుడు వినేవారి ముఖాల్లో నవ్వు కనబడుతుంది.

మట్టిలో కలిసిన ఒళ్ళు మళ్ళీ ఎలా వస్తుంది? ఈ ప్రశ్న కొత్తది కాదు. యేసు సిలువ తరువాత పాతికేళ్ళు తిరక్కముందే కొరింథు పట్టణంవారు దాన్ని లేవదీశారు. పౌలు వారికి విత్తనాన్ని చూపించి జవాబు రాశాడు. డెల్టా రైతుకు ఆ జవాబు విడమరచి చెప్పనక్కరలేదు. నారుమడిలో చల్లిన గింజ కోసం నెల తరువాత వెతికితే పొట్టు కూడా చేతికి రాదు. పైరు మాత్రం ఆ గింజదే.

ఉప్పెన మిగిల్చిన ప్రశ్న

అయితే దివిసీమలో ఈ ప్రశ్న ఇంకొక విధంగా వచ్చింది. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. సొర్లగొంది వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. తుపానులో పోయినవారు అధికార లెక్కలోనే సుమారు 10 వేలమంది. శవాలు వరిచేలలో, ముళ్ళకంపల్లో చిక్కుకున్నాయి. సముద్రంలోకి పోయినవి ఎన్నో. గుర్తుపట్టే వీలులేక, రోగాలు ప్రబలుతాయన్న భయంతో దొరికినవాటిని కుప్పలుగా వేసి కాల్చారు. కొన్నిచోట్ల గోతులు తీసి కలిపి పూడ్చారు. ఎవరిది ఏ మతమో విచారించే వ్యవధి ఎవరికీ లేదు. ఈ తీరానికి ఇది మొదటిసారి కూడా కాదు. 1864లో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయారు.

సున్నం వేయడానికి దిబ్బ లేని కుటుంబాలు అలా మిగిలాయి. పూడ్చనివాడు, బూడిదైనవాడు లేస్తాడా అన్న బెంగ ఆ ఇళ్ళలో పుట్టిందంటే తప్పు పట్టలేం.

ఈ బెంగకు సంఘం చాలా పూర్వమే సమాధానం చెప్పుకుంది. 177లో ఫ్రాన్సులోని లియోన్ పట్టణంలో క్రైస్తవులను చంపినవారు, శవాలను కాల్చి బూడిదను రోన్ నదిలో కలిపేశారు. వీళ్ళకు లేస్తామన్న ఆశే లేకుండా చేయాలని వారి పంతం. సంఘం మాత్రం ఆ ఆశ వదలలేదు. సమాధి దొరకనంత మాత్రాన పోయినవారికి నష్టం లేదని, సమాధులు బతికున్నవారి ఓదార్పు కోసమని అయిదో శతాబ్దంలో అగస్టీను రాశాడు. సముద్రం సైతం తన దగ్గరున్న మృతులను తిరిగి ఇవ్వవలసిందేనని బైబిలు చివరి గ్రంథంలో ఉన్నది. కడలి ఒడ్డున బతికేవారికి అంతకన్న దగ్గరి మాట లేదు.

దహనం విషయంలో కతోలిక సంఘం చాలాకాలం పట్టుదలగా ఉంది. 1963లో మెత్తబడింది. పునరుత్థానాన్ని కాదనడానికి కాకపోతే కాల్చవచ్చునని అనుమతించింది. బూడిదను గాలిలోనో నీటిలోనో కలపవద్దని, పవిత్రస్థలంలో ఉంచాలని 2016లో మళ్ళీ స్పష్టం చేసింది. పల్లెల్లో ఇప్పటికీ భూస్థాపనకే మొగ్గు. 2020లో కరోనా కట్టడి వల్ల ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టర్ నాడు సమాధుల దగ్గరికి గుంపుగా వెళ్ళే వీలు లేకపోయింది. అలవాటైనవారికి ఆ తెల్లవారుజాము చాలా పొడుగైంది.

లేచేదాకా పడుకోవడానికి చోటు కావాలి గదా. అక్కడే వస్తోంది చిక్కు. క్రైస్తవుల్లో ఎక్కువమంది సెంటు భూమి లేని పేటలవారు. కాలువ గట్టు, చెరువు పోరంబోకు తప్ప వేరే గతిలేని చోట్లున్నాయి. పల్లపు నేలలో నాలుగడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. పాత దిబ్బనే తిరిగి తవ్వి అదే ఇంటివారిని పెట్టడం మామూలైంది. ఇవి ఎన్నికల వేళ వినిపించి, తరువాత వినిపించని సంగతులు.

తమవారి దిబ్బ ఎక్కడుందో తెలియనివారు తోటలోని పెద్ద సిలువ మొదట్లో కొవ్వొత్తి వెలిగిస్తారు. సముద్రపు గాలికి అది నిలవదు. పిల్లలు చేతులు అడ్డంపెట్టి మళ్ళీ వెలిగిస్తుంటారు. తూర్పు తెల్లబడేసరికి దీపాలన్నీ కొండెక్కుతాయి. గుడిలో ఆరాధనకు గంట కొడతారు.