పాత డాసుకు నెట్‌వర్కు తగిలించిన వైనం

మా ప్రయోగశాల మూలన 386 కంప్యూటరు ఒకటి ఉంది. విద్యార్థులు దాన్ని 'తాతగారు' అంటారు. రెండేళ్ల కిందట దాని ఫ్లాపీ డ్రైవు చెడిపోయింది. హార్డు డిస్కులో ఆరు బ్యాచీల ఎమ్మెస్సీ వాళ్లు తీసిన కొలతలున్నాయి. వేరే ప్రతి ఎక్కడా లేదు. డిస్కేమో అప్పటికే కీచుమంటోంది. "నెట్‌వర్కుకు కలిపేద్దాం సార్" అన్నాడొక అబ్బాయి. డాసుకు నెట్‌వర్కేమిటోయ్ అని నవ్వేశాను.

నా నవ్వులో కొంత న్యాయం లేకపోలేదు. 1981లో వచ్చిన ఎమ్మెస్-డాసుకు ఇంటర్నెట్టు భాష అయిన టి.సి.పి./ఐ.పి. సొంతంగా రాదు. మనమే నేర్పాలి. ముందు ఒక నెట్‌వర్కు కార్డు కావాలి. పాత సామాన్ల కొట్లో ఎన్.ఇ.2000 రకం దొరికింది. దాన్ని నడపడానికి ప్యాకెట్ డ్రైవరనే చిన్న ప్రోగ్రాము. ఇది మన ఆఫీసు బంట్రోతు వంటిది. ఉత్తరంలో ఏముందో చదవడు, లోపలికీ బయటికీ చేరవేస్తాడు, అంతే. కార్డు ఏ కంపెనీదైనా ఈ బంట్రోతును పిలిచే పద్ధతి ఒక్కటే కావడం గొప్ప సదుపాయం. ఉత్తరాలు చదివి జవాబు రాసే గుమాస్తా పనికి మైకేల్ బ్రట్‌మన్ రాసిన ఎం.టి.సి.పి. పెట్టుకున్నాం. అది ఉచితం.

చిక్కు మరోచోట వచ్చింది. కార్డు ప్రాసెసరును పిలవడానికి ఒక గంట కొడుతుంది; దాన్నే ఇంటరప్టు అంటాం. మా కార్డుకు ముందే పెట్టి ఉన్న గంట నంబరు 3. రెండో సీరియల్ పోర్టుదీ అదే నంబరు, మా కొలత పరికరం తగిలించి ఉన్నది ఆ పోర్టుకే! డ్రైవరు వేయగానే యంత్రం బిగుసుకుపోయేది. రెండు సాయంత్రాలు కేబుల్‌ను తిట్టుకున్నాం. చివరికి ఆ అబ్బాయే కార్డు మీది జంపరును 5కి మార్చాడు. ఈసారి అడ్రసు అడగ్గానే వచ్చేసింది.

తాతగారి మీద ఎఫ్.టి.పి. సర్వరు నడిపి, పక్క కంప్యూటరు నుంచి ఫైళ్లు లాగాం. డాసు ఒకసారికి ఒకే పని చేస్తుంది గనుక అంతసేపూ కీబోర్డు ముట్టలేదు. ముందుగా 'బైనరీ' అని చెప్పడం మరవకూడదు. లేకపోతే అంకెల ఫైళ్లు పాడైపోతాయి. ఎఫ్.టి.పి.లో పాస్‌వర్డు దాపరికం లేకుండా పోతుంది, అందుకని తీగను ప్రయోగశాల గడప దాటనివ్వలేదు.

మరుసటి నెల డిస్కు ఆగిపోయింది. 1994 బ్యాచీ ఫైలొకటి మాత్రం అప్పటికే చదవడానికి వీల్లేకుండా ఉంది. ఆ బ్యాచీ మిత్రులెవరి దగ్గరైనా ప్రయోగాల నోటుబుక్కు మిగిలి ఉంటే దయచేసి డిపార్టుమెంటుకు పంపండి.