మీకు తెలుసా? గాజు పలక మీద నిలిచిన పడవ

హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో బ్రిటిష్ దొరల కాలం నాటి పడవ షికార్ల గురుతుగా, సికింద్రాబాద్ వైపు ‘బోట్స్ క్లబ్’ అనే పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది.

నిజాం కాలపు షికార్లకు మరో చోటు మీర్ ఆలం చెరువు. 21 కమానులతో కట్టిన దాని ఆనకట్టే ఒక అద్భుతం! అక్కడ ఆవిరి పడవలు తిరిగేవి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్ దయాళ్ (1844-1905) ఈ చెరువును ఫొటో తీశారు.

కదిలే పడవను ఫొటో తీయడం తొలిరోజుల్లో చాలా కష్టం. గాజు పలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడగాల్సి వచ్చేది. కెమెరా కొన్ని సెకన్లు తెరిచి ఉంచాల్సి రావడంతో అలలు పాలనురగలా అలుక్కుపోయేవి, తెరచాప మసకబారేది. 1880ల్లో పొడి పలకలు వాడుకలోకి వచ్చాక క్షణంలో పని అయ్యేది.

పాత పడవ ఫొటో దొరికితే ముందు తెరచాప చూడండి. అది ఎటు ఉబ్బిందో చూస్తే ఆనాటి గాలి ఎటు వీచిందో తెలుస్తుంది. హుస్సేన్‌సాగర్‌లో వానాకాలపు గాలికి ఇప్పటికీ తెరచాప పడవల పోటీలు జరుగుతున్నాయి. కెమెరా ఉంటే తప్పక వెళ్లండి.