రికార్డింగులు దాచే సర్వర్: డిస్కుల కూర్పు, సిస్టం స్థాపన

తెలుగు రాష్ట్రాల వెలుపలి తెలుగు మాండలికాలను సేకరించే విద్యార్థికి ఇవాళ టేపుల బీరువా స్థానంలో సర్వర్ ఉంటుంది. హోసూరులోనో బరంపురంలోనో ఒక వృద్ధురాలు చెప్పిన కథను మళ్ళీ రికార్డు చేసే అవకాశం దొరకకపోవచ్చు. అందుచేత ఆ యంత్రంలో ఆపరేటింగ్ సిస్టంను స్థాపించే పద్ధతి తెలిసి ఉండాలి.

అనేక డిస్కులను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటును రెయిడ్ అంటారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రచురించిన వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది. రెయిడ్ 1లో రెండు డిస్కుల్లోనూ ఒకే సమాచారం ఉంటుంది. రెయిడ్ 5లో ఒక డిస్కు, రెయిడ్ 6లో రెండు డిస్కులు చెడినా సమాచారం నిలుస్తుంది. 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు ఉంటే రెయిడ్ 5లో 12, రెయిడ్ 6లో 8 టెరాబైట్లు వాడుకోవచ్చు.

ఇక్కడ పని క్రమం ముఖ్యం. ముందుగా కంట్రోలర్ మెనూలో డిస్కులను జతపరచాలి. వాటిలో పాత సమాచారం ఉంటే అది పోయినట్లే. రెండు చిన్న డిస్కులను రెయిడ్ 1గా చేసి సిస్టంను వాటిపైన ఉంచి, రికార్డింగులకు వేరుగా రెయిడ్ 6 కేటాయించడం మేలు. అప్పుడు సిస్టంను తిరిగి స్థాపించవలసి వచ్చినా రికార్డింగుల జోలికి పోనక్కరలేదు. స్థాపన సమయంలో డిస్కులు కనబడకపోతే కంట్రోలర్ డ్రైవర్‌ను అందించాలి. కనబడిన తరువాత పరిమాణాన్ని బట్టి ఏది ఏదో గుర్తించాకే ఫార్మాట్‌కు అంగీకరించాలి.

రెయిడ్ డిస్కు చెడినప్పుడు ఆదుకుంటుందే గాని, పొరపాటున తుడిచేసిన ఫైలును తిరిగి ఇవ్వదు. కాబట్టి మరో ప్రతి మరో భవనంలో ఉండాలి. దానిని అప్పుడప్పుడు తెరిచి వినాలి.