పెన్న ఒడ్డుకు రాతి బురద ముప్పు
తీరవాసులు కదిలితేనే నదికి రక్ష

తాడిపత్రి: నల్లబండ ఈ పట్టణానికి కూడు పెట్టింది. వందలాది పాలిషింగ్ పరిశ్రమలు తాడిపత్రి పేరును దూరప్రాంతాలకు మోసుకెళ్లాయి. అయితే బండ నునుపుదేరిన ప్రతిచోటా రాతి బురద మిగులుతుంది. దానిని ఎక్కడ పోయాలన్నదే పెన్న తీరవాసుల ముందున్న ప్రశ్న.

ఎలా పుడుతుంది?

రాయిని కోసేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు యంత్రం వేడెక్కకుండా నిరంతరం నీరు పోస్తారు. రాతి పొడి అందులో కలిసి చిక్కటి బురదగా మారుతుంది. ఇది ప్రధానంగా సున్నపురాయి పొడే. విషం కాదు కదా అని తేలికగా తీసుకోవడానికి వీల్లేదు. అతి సన్నని ఈ పొడి నేల రంధ్రాలను పూడ్చివేయడంతో వాన నీరు ఇంకదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే కురిసే అనంతపురం జిల్లాలో ఇంకని ప్రతి చుక్కా నష్టమే. ఎండిన బురద దుమ్మై లేచి ఊపిరితిత్తులకు చేటు తెస్తుంది.

నదికే ఎందుకు భారం?

కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు ప్రయాణించే పెన్న, ఇక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక తిన్నెలుగానే కనిపిస్తుంది. ప్రవాహం లేని నదికి వ్యర్థాలను కడిగే శక్తి ఉండదు. పోసినది పోసినచోటే పేరుకుంటుంది. ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయంలో లింగం కింద ఊరే జలం, భూగర్భ నీరే ఈ ఊరికి ప్రాణాధారమని గుర్తుచేస్తుంది.

పటాన్‌చెరు పాఠం

ప్రజలు కదిలితే ఏమవుతుందో మెదక్ ప్రాంతం చూపింది. పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరలో కలుస్తుండగా, వైద్యుడు అల్లాణి కిషన్‌రావు 1980ల్లోనే రైతులను కూడగట్టారు. 1990లో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. నష్టపోయిన రైతులకు పరిహారం లభించింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం పని ప్రారంభించింది. కాలుష్యం పూర్తిగా తొలగకపోయినా, ప్రశ్నించే గొంతు ఉన్నందువల్లే ఆ మాత్రం మార్పు సాధ్యమైంది.

చేయవలసినవి

రాతి బురదకు పరిష్కారం అంతకంటే సులభం. వరుస తొట్లలో నిలిపితే పొడి అడుగుకు చేరుతుంది. పైకి తేలిన నీటిని మళ్లీ యంత్రాలకు వాడుకోవచ్చు. నీటి ఖర్చు తగ్గుతుంది కనుక యజమానులకూ లాభమే. ఎండిన పొడి ఇటుకల తయారీకి, సిమెంటుకు పనికివస్తుంది.

వార్డు ప్రజలు చేయగలిగినదీ ఉంది. బురద పోసిన చోటు, తేదీ, ఫొటోలతో పురపాలక సంఘానికి, కాలుష్య నియంత్రణ మండలికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. స్పందన లేకుంటే 2010 నాటి చట్టం కింద ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను బాధితులు నేరుగా ఆశ్రయించవచ్చు. వివాదం తలెత్తిన ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయడం ముఖ్యం.

పరిశ్రమ మూతపడితే పస్తులుండేది కూలీలే. బురద నదికి చేరితే దప్పికతో అలమటించేదీ వారే. బండా బతకాలి, పెన్నా బతకాలి. ఆ రెంటికీ దారి తొట్టి కట్టడంతోనే మొదలవుతుంది.