పెద్దవాడూ పసివాడే

గత రంజాన్‌లో మా అమ్మాయి తన ఇద్దరు పిల్లలతో మా ఇంటికి వచ్చింది. మనవడికి నాలుగేళ్లు, మనవరాలికి ఏడాదిన్నర. ఒకనాడు అస్ర్ నమాజు ముగించుకొని వచ్చేసరికి వరండాలో ఏడుపులు వినిపించాయి. మనవడు చెక్క ముక్కలతో ఎంతో శ్రద్ధగా మస్జిదు కట్టుకుంటున్నాడట. రెండో మీనారు నిలబెట్టాడో లేదో, చెల్లెలు తప్పటడుగులు వేస్తూ వచ్చి ఒక్క విసురుతో దాన్ని కూల్చివేసింది. వాడు ఆమెను నెట్టివేశాడు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఏమీ విచారించకుండానే, "పెద్దవాడివి, ఆ మాత్రం తెలియదా?" అని గద్దించాను.

వాడు కన్నీళ్లు తుడుచుకుంటూ అడిగాడు: "నానా, మరి నేను చిన్నవాణ్ణి ఎప్పుడవుతాను?"

నావద్ద జవాబు లేదు. ఉపవాసపు అలసట అని సాకు చెప్పుకోవడానికీ వీల్లేదు. కోపాన్ని దిగమింగడమే కదా ఉపవాసం నేర్పేది!

హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉదంతాన్ని మదర్సాలో ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు. ఆయన తండ్రి ఆయనకొక కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని దైవప్రవక్త (స)ను కోరారు. మిగతా సంతానానికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) ప్రశ్నించారు. లేదని తెలిసి సాక్ష్యానికి నిరాకరించారు, బిడ్డల మధ్య న్యాయం పాటించమన్నారు. తండ్రి ఆ కానుకను వెనక్కి తీసుకున్నారు. ఇది ఆస్తిపాస్తులకు సంబంధించిన పాఠమనే ఇన్నాళ్లూ భావించాను. ఒడి, ఓదార్పు, ఓపికగా వినడం కూడా సమంగా పంచవలసిన సొత్తులేనని ఆ పసివాడి ప్రశ్నతో బోధపడింది.

ఆలోచించండి. చెల్లెలు పుట్టేనాటికి వాడికి రెండున్నరేళ్లు. ఇప్పుడు మనం ఏమీ తెలియని పసిపాప అంటున్న ఆ చెల్లెలి కంటే అప్పటికి వాడు ఒక్క ఏడాదే పెద్ద. అయినా ఆ రోజే వాణ్ణి పెద్దవాణ్ణి చేసేశాము. చెల్లి పుట్టాక వాడు మళ్లీ పక్క తడిపినా, ముద్దుమాటలు మొదలుపెట్టినా మొండితనమన్నాము. నిజానికి చేజారిన ఒడిని వెతుక్కునే బిడ్డ చేసే పనులవి. పిల్లలకు ఏడేళ్ల వయసులో నమాజు ఆదేశించమన్నారు ప్రవక్త (స). నమాజు కోసమే ఏడేళ్ల వరకు వేచి ఉండే మనం, నాలుగేళ్లవాడి నుంచి పెద్దల సహనాన్ని ఎలా ఆశిస్తాము?

అలాగని చెల్లెల్ని నెట్టడం ఒప్పు కాదు. ఆ మాట వాడికి చెప్పవలసిందే. అయితే ముందు వాడి నష్టాన్ని గుర్తించి, తర్వాత చెప్పాలి. ఏడాదిన్నర పాపకు 'నీది, నాది' అనే భేదం తెలియదు. ఆమెను మందలించి ప్రయోజనం లేదు, వస్తువును ఆమెకు అందకుండా ఉంచడమే మార్గం.

ఆ సాయంత్రం మనవణ్ణి దగ్గర కూర్చోబెట్టుకొని, "తప్పు నాది, నన్ను క్షమించు" అన్నాను. చెక్క ముక్కలను ఎత్తయిన బల్ల మీదికి మార్చాము. పాపకు పాలిచ్చే వేళ మా అమ్మాయి వాణ్ణి మరో పక్కన ఆనించుకొని కథ చెప్పసాగింది. అస్ర్ తర్వాత కొంతసేపు పూర్తిగా వాడిదే అని నేను నిర్ణయించుకున్నాను.

గొడవలు ఆగిపోయాయని చెప్పను. కాని వారం తర్వాత వాడే మూడు ముక్కలు ఏరి చెల్లెలి ముందు పెట్టి, "ఇవి నీకు, పడగొట్టుకో" అన్నాడు. ఎవరూ చెప్పలేదు.

సజ్దాలో ఉండగా మనవడు వీపునెక్కితే, ఆ బాలుని ముచ్చట తీరేవరకు సజ్దాను పొడిగించిన ప్రవక్త (స) అనుయాయులం మనం. సోదరీ సోదరులారా! మీ ఇంటి 'పెద్దవాణ్ణి' ఈ రాత్రి ఒక్కసారి ఒడిలోకి తీసుకోండి. వాడింకా ఎంత చిన్నవాడో మీకే తెలుస్తుంది.