మీకు తెలుసా? లెగ్‌పీస్‌లో డైనోసార్ ఆనవాలు

సూర్యాపేట, కోదాడ హైవే హోటళ్లలోనైనా, మిర్యాలగూడలో ఇంటి కూరలోనైనా లెగ్‌పీస్ ఒకటే. పెద్ద ఎముకను ఆనుకుని సూదిలాంటి సన్నటి ఎముక ఉంటుంది. పైన కాస్త మందంగా మొదలై, చీలమండ దాకా చేరకుండానే మొనదేలి ఆగిపోతుంది. దాని పేరు ఫిబులా. మనిషి పిక్కలోనూ ఉంది, పూర్తి పొడవుతో.

అసలు విశేషం గుడ్డులో ఉంది. కోడిపిల్ల బయటికి రావడానికి 21 రోజులు. పిండం తొలి దశలో ఆ రెండు ఎముకలూ సమాన పొడవే! తర్వాతే ఫిబులా వెనకబడిపోతుంది. 2016లో చిలీ శాస్త్రవేత్తలు పిండంలో ఒక జన్యువు పనిని అడ్డుకుంటే, ఫిబులా చీలమండ దాకా పెరిగింది. పక్షుల పూర్వీకులైన డైనోసార్లలో అది అలాగే ఉండేది.

తెలంగాణ నేలలో దొరికిన డైనోసార్ కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. పిల్లలకు తప్పక చూపించండి.