అడవి నిప్పార్పువారి కూలి

మాఘపూర్ణిమనాడు పాలకాయతిప్ప మీదుగా హంసలదీవికి పోయి సాగరసంగమమున స్నానమాడని కుటుంబము దివిసీమలో అరుదు. మనము పుణ్యస్నానములు చేయు ఆ దినములలోనే, ఎగువను ఇదే కృష్ణ ఒరసికొని పారు నల్లమలలో ఆకు రాలి, బోద యెండి, కార్చిచ్చుల కాలము మొదలగుచున్నది. ఫిబ్రవరి మొదలు జూనులో తొలకరి పడువరకు ఆ యడవిని నిప్పునుండి కాచువారెవరో, వారికి దినమున కెంత ముట్టుచున్నదో మనలో నెవరమైన నడిగితిమా?

మన గడ్డివామి అంటుకొన్నచో ఊరంతయు బిందెలతో పరుగెత్తును. కాలువ ప్రక్కనే యుండును. అడవిలో ఊరు లేదు, నీరు దొరకదు. మంటయున్న చోటికి కొండలెక్కి నడచి పోవలెను. భారత అటవీ సర్వే సంస్థ 2004 నుండియు ఉపగ్రహములు పసిగట్టిన మంటలను అటవీశాఖలకు తెలుపుచున్నది. కాని ఉపగ్రహము మంటను చూపునే కాని ఆర్పదు. ఆర్పువాడు పచ్చికొమ్మ విరిచి కొట్టును. ముందుగా ఆకు ఊడ్చి, నేల చెక్కి, నిప్పు దాటని బాట తీయును. అవసరమైనచో ఎదురుమంట పెట్టి, తాను తప్పించుకొనుటకు దారి యున్నదో లేదో చూచుకొనును. కొన్నిచోట్ల ఆకు నెగురగొట్టు గాలియంత్రములు వచ్చినవి. మిగిలినచోట్ల కొమ్మయే ఆయుధము. నల్లమలలో ఈ పనివారనేకులు చెంచులు. ఏ లోయలో గాలి యెప్పుడెటు తిరుగునో వారికి తెలిసినంత ఏ పటమునకును తెలియదు. ఇట్టి విద్య గలవారికి మన మిచ్చిన పేరు వాచరు. వాన పడగానే వారిలో ననేకులకు పని పోవును.

2014 మార్చిలో శేషాచలము తగులబడినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు దిగినవి. వాని చిత్రములు దేశమంతయు చూచినది. నేలమీద పొగలో నిలిచిన కూలివాని చిత్రము చూచినవారెందరు? 2020 ఫిబ్రవరిలో కేరళలోని త్రిశ్శూరు జిల్లాలో మంట నార్పబోయిన ముగ్గురు వాచర్లు అందులోనే ఆహుతియైరి. 2024 జూనులో ఉత్తరాఖండమందలి బిన్సరు అభయారణ్యమున అటవీశాఖ పనివారు కాలి మరణించిరి. అందు దినకూలియు నుండెను. మంటకు పర్మనెంటని, టెంపరరీయని భేదము లేదు. ఆ భేదము జీతపు పట్టీలోనే కలదు.

కూలి నెలల తరబడి అందలేదని అడవి కాపరులు మొరపెట్టుకొనుట పత్రికలు చదువువారికి క్రొత్త కాదు. కోతకూలిని కళ్లములోనే కొలిచి యిచ్చుట మన పెద్దల ఆచారము. ఆ మాత్రపు మర్యాద సర్కారునకు లేకపోవుట సిగ్గుచేటు. 1922లో పల్నాటి పుల్లరి పోరాటమున కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియయ్యెను. నాడు అడవి దొరలది. నేడది మనదని చెప్పుకొనుచు, దానిని కాచువానిని దొరలకాలపు కూలివలెనే చూచుట యే నీతి?

అమెరికాలో సైతము ఫెడరల్ ప్రభుత్వము కార్చిచ్చు నార్పువారిలో పలువురిని చిరకాలము ‘అటవీ సాంకేతికులు’ అని వ్రాసికొని తక్కువ వేతనమిచ్చుచుండెను. వారు పట్టు విడువలేదు. 2021లో తాత్కాలికముగ హెచ్చించిన వేతనమును 2025లో శాసనము స్థిరపరచినది. మన సుప్రీంకోర్టు సైతము 2016 అక్టోబరులో, రెగ్యులరు ఉద్యోగితో సమానమైన పని చేయు తాత్కాలికునకు ఆ శ్రేణిలోని కనీస వేతన మీయవలెనని తీర్పు చెప్పినది. ఆ తీర్పు అడవి యెక్కవలదా? ధనము లేదనుటయు చెల్లదు. 2016 నాటి అటవీ పరిహారనిధి శాసనము క్రింద చేరు ధనమును అగ్నినివారణకు వాడుటకు నియమములు సమ్మతించుచున్నవి. సంవత్సరమంతయు పని, నెలాఖరున జీతము, కాలికి బూటు, చేతిలో నీరు, ప్రాణమునకు బీమా: కోరునది యింతియే.

ఇందు మనకేమియను రైతుసోదరులకొక మాట. కృష్ణనీటిలో హెచ్చుభాగము పడమటి కనుమలదేయని నేనెరుగుదును. అయినను కాలిన కొండల మన్ను వానకు కొట్టుకొనివచ్చి జలాశయములలో పూడికయగును. ఆ మేరకు మన కాలువలకు నీరు తగ్గును. ఇక అడవి యెందుకని 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూచిన దివిసీమకు చెప్పబనిలేదు. మడయడవి యున్న విలువ నాడే తెలిసినది.

బందరు, గుడివాడ, అవనిగడ్డ శాసనసభ్యులు తమ నియోజకవర్గములలో కొండయడవి లేదని ఊరకుండరాదు. మనము నేడే వారికి వ్రాయవలెను. బడ్జెటు చర్చ జరుగునదియు సామాన్యముగ ఆ కార్చిచ్చుల నెలలలోనే.